పంపే ముందు ఒక్కసారి చదువుకో బిడ్డా

బిడ్డా, నీ మీద నాకు కోపం లేదు. ఆ మాట ముందే చెప్పి మొదలుపెడతాను. పాత నాణేల మీద నీకున్న పిచ్చి మంచి పిచ్చి. ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర గుడ్డ పరిచి అమ్మేవాళ్ళ ముందు గొంతుక్కూర్చుంటావు. ఒక్కో బిళ్ళను తిప్పి తిప్పి చూస్తావు. ఇంటికొచ్చి తూకం వేస్తావు, రెండు పక్కలా ఫొటో తీస్తావు, ఆ ముచ్చటంతా దోస్తులకు ఫోన్లో రాసి పంపుతావు. నీ వయసు పిల్లలకు డబ్బునూ పొద్దునూ తినేసే అలవాట్లు ఎన్నో ఉంటే, నువ్వు మన ఊరి చరిత్రను చేతిలోకి తీసుకున్నావు. సంతోషమే. కానీ నువ్వు రాసింది చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. కన్ను అంత నిదానంగా చూస్తుంది గదా, వేలికి ఎందుకంత తొందర?

నువ్వు ఎక్కడ పుట్టావో ఒకసారి గుర్తుచేసుకో. మన మొగల్‌పురా పక్కన సుల్తాన్ షాహీలోనే 1803లో మూడో ఆసఫ్ జా సికందర్ జా కాలంలో నిజాం టంకశాల పెట్టారు. మొదట్లో సుత్తి దెబ్బతో చేత్తోనే ముద్ర వేసేవాళ్ళు. 1895లో విలాయతు నుంచి మిషన్లు వచ్చాయి. 1903 జులైలో టంకశాల సైఫాబాద్‌కు వెళ్ళిపోయింది. అంటే నూరేళ్ళ పాటు నిజాం రూపాయి మీద అక్షరం ఎట్లా పడాలో మన గల్లీల్లో తేలింది. ఆ ముద్రలు చెక్కినవాళ్ళు ఈ వీధుల్లోనే నడిచారు. అక్షరాన్ని వెనక్కి తిప్పి చెక్కితేనే నాణెం మీద సరిగ్గా పడుతుంది. గీత ఒక్కటి జారినా ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ తప్పు ఉండిపోతుంది. మరి వాళ్ళెంత నిదానంగా పని చేసి ఉండాలి!

ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి చేతికి రాగానే నువ్వు మొదట చూసేది దర్వాజా. మీర్ మహబూబ్ అలీ ఖాన్ రూపాయి అయితే ఆ దర్వాజా నడుమ ఆయన పేరు మొదటి అక్షరం ‘మీమ్’ ఉంటుంది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి అయితే ‘ఐన్’ ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి ఏళ్ళ రూపాయల్లో మళ్ళీ ఒక తేడా ఉంది. ఐన్ సగమే కనిపించేది ఒక రకం, నిండుగా కనిపించేది ఇంకో రకం. నాణేల పుస్తకాల్లో ఆ రెంటికీ వేరువేరు నంబర్లు ఇచ్చారు. బియ్యపు గింజంత కూడా లేని ఆ అక్షరం సగమా, నిండా అని భూతద్దం పెట్టుకుని అరగంట చూస్తావు. అది చూసిన కన్నుతోనే కింద ‘నానెం’ అని రాసి పంపుతావు. నాణెం అని రాయడానికి ఇంకెంత సేపు పడుతుంది నాయనా?

‘నానేలు’, ‘దర ఎంత’, ‘చాల కల ఉంది’ అని రాస్తావు. నాణేలు, ధర, చాలా కళ అని నీకు తెలియక కాదు. తెలిసీ తొందరలో వదిలేస్తావు. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది అర్ధ రూపాయి. అర్ధం అంటే సగం, ధకారం ఉంటుంది. అర్థం అంటే భావం, లేదా ధనం, థకారం ఉంటుంది. ఎనిమిదణాల బిళ్ళ ఫొటో పెట్టి ‘అర్థ రూపాయి’ అని రాస్తే, ఆ బిళ్ళ సంగతి నిజంగా తెలిసిన పెద్దమనిషి ఒక్క క్షణం ఆగిపోతాడు. ఈ పిల్లాడు బిళ్ళనైనా సరిగ్గా చూశాడా అని ఆయనకు అనుమానం వస్తుంది. చూశావని నాకు తెలుసు. ఆయనకు ఎట్లా తెలియాలి? ఆయన ముందు ఉన్నది నీ రాత ఒక్కటే.

వ్యాకరణం సంగతీ అంతే. ‘మూడు నాణేలు ఉంది’ అని రాస్తావు. మూడుంటే ఉన్నాయి అనాలి. ఇంట్లో మాట్లాడేటప్పుడు నీ నోట ఆ తప్పు ఎప్పుడూ రాదు. ఫోన్ పట్టుకుంటేనే వస్తుంది. వాక్యం ఎక్కడ ఆగిందో చెప్పే చుక్క పెట్టవు. ఏది నీ మాటో, ఏది అమ్మినవాడు చెప్పిన మాటో తేలదు. ‘నకిలీ కాదు అసలుదే అన్నాడు నేను నమ్మలేదు’ అని ఒక గుక్కలో రాస్తే, నువ్వు నమ్మనిది ఏది? నడుమ ఒక చుక్క పడితే చదివేవాడికి ఊపిరి తిరుగుతుంది.

అక్షరం తప్పితే ఏమవుతుంది తాతా, అర్థమైతే చాలు గదా అంటావు. సరే, అర్థం కాని సంగతే చెబుతాను విను. మన గల్లీలోనే ఒక పిల్లాడు, నీకంటే రెండేళ్ళు పెద్దవాడేమో, తన దగ్గరున్న చార్మినార్ రూపాయి గురించి రాశాడు. ఒకాయన కొంటానంటే, వీడు ‘అమ్మను’ అని రాద్దామని ‘అమ్మాను’ అని పంపాడు. అమ్మను అంటే అమ్మేది లేదని, అమ్మాను అంటే అమ్మేశానని. ఒక్క దీర్ఘం. నెలలుగా దాని కోసం అడుగుతున్న ఇంకో పెద్దాయన అది చదివి, నాకు మాటిచ్చి ఇంకొకరికి అమ్ముకున్నావా అని నొచ్చుకున్నాడు. పిల్లాడు మోసం చెయ్యలేదు, రూపాయి పెట్టెలోనే ఉంది. అయినా ఆ పెద్దాయన తరవాత పాత పద్ధతిలో మాట్లాడలేదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళకైతే ఈ చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ అమ్మనుకూ అమ్మానుకూ ఒకటే రాత, వెలకూ వేలకూ వేళకూ ఒకటే రాత. ధర మాటలూ, ఇచ్చిపుచ్చుకునే మాటలూ రాసేటప్పుడైనా తెలుగు తెలుగులోనే రాయి.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. నేను తప్పు అంటున్నది నీ యాసను కాదు. మన ఇంట్లో మనం అమ్మిన అంటాం, అంటే అమ్మేసినట్టు. అమ్మ అంటాం, అంటే అమ్మేది లేదని. ‘నేనైతే అమ్మ’ అని ఆ పిల్లాడు ఇంటి మాటే రాసి ఉంటే ఈ తంటా ఉండేది కాదు. తనది కాని మాట తెచ్చుకుని, దాని దీర్ఘం ఎక్కడుందో చూసుకోలేదు, అదీ జరిగింది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. అది జనం నోట ఉన్న తెలుగు రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన రోజు. సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం. అది తన నేల మాటలోనే రాసిన కాళోజీ గారు పుట్టిన రోజు. ఆ ఇద్దరూ మాట్లాడినట్టు రాయమన్నారు, చూడకుండా రాయమనలేదు. గట్ల, గిట్ల, వస్తున్న, పోతున్న అని నిక్షేపంగా రాయి. ఖరాబైంది, పరేషానైన అని రాయి, అవీ మన మాటలే. వాటిని తప్పంటే నేనే నీ పక్కన నిలబడతాను. కానీ ళ ఉండాల్సిన చోట ల, వత్తు ఉండాల్సిన చోట ఉత్త అక్షరం, దీర్ఘం ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం ఏ ఊరి యాసా కాదు. అది తొందర, అంతే.

అంకెల దగ్గర ఆ తొందర ఇంకా చేటు చేస్తుంది. మన రూపాయల మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. 1321 అంటే మన లెక్కలో 1903-04, మహబూబ్ అలీ ఖాన్ కాలం. 1331 అంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. అంకె ఒక్కటి జారితే నవాబే మారిపోతాడు. 1321 అని రాయి, హిజ్రీ అని పక్కన రాయి, ఇంగ్లీషు సంవత్సరం కూడా రాయి. హాలీకి, కల్దార్‌కు కూడా తేడా చూపించి రాయి. హాలీ మన నిజాం రూపాయి, కల్దార్ ఇంగ్లీషువాళ్ళ రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు వచ్చేవి. మా నాన్నల కాలంలో అంగట్లో ఏ రూపాయి అని అడగకుండా ఎవరూ బేరం ఆడలేదు. నువ్వు ఒట్టి రూపాయి అని రాసి వదిలేస్తే, పాత ధరల గురించి చదివేవాడు ఏ లెక్కన చదవాలి?

అర్థమైతే చాలు అన్నావు గదా, మళ్ళీ అక్కడికే వస్తాను. పెళ్ళికి మంచి షేర్వానీ వేసుకుని ఒక్క గుండీ పై కాజాలో పెడితే, ఒళ్ళు కప్పడానికి ఆ షేర్వానీ చాలు. కానీ వచ్చినవాళ్ళ కళ్ళన్నీ ఆ గుండీ మీదే ఉంటాయి. నువ్వు నెల రోజులు వెతికి పట్టుకున్న సంగతి పక్కకుపోయి, నీ ‘నానెం’ దగ్గరే చదివేవాడి చూపు ఆగిపోతుంది. అది నీకు నష్టం. ఇంకో నష్టం కూడా ఉంది, అది నీకిప్పుడు కనిపించదు. రేపు ఇంకో పిల్లాడు ఏ పాలమూరులోనో కూర్చుని చార్మినార్ నాణెం గురించి వెతుకుతాడు. వాడు నాణెం అని కొడతాడు. నువ్వు నానెం అని రాసి పెట్టావు. నీ రాత వాడి కంటపడుతుందన్న నమ్మకం ఏముంది? అంత కష్టపడి తూచి, కొలిచి, చదివి రాసినది దొరక్కుండా పోతే అయ్యో అనిపించదా? తెలుగులో ఇట్లాంటి సంగతులు రాసేవాళ్ళే తక్కువ. ఉన్నవాళ్ళ రాతలైనా దొరకాలి గదా.

పెద్ద చదువు చదవమని అనను. ఛత్తా బజార్‌కు ఎప్పుడైనా వెళ్ళి నిలబడి చూడు. పెళ్ళి పత్రికలు అచ్చువేసే ఆ దుకాణాల్లో మొదటి కాపీ తీయగానే అచ్చుకు పంపరు. ఇంటివాళ్ళ చేతికి ఇచ్చి, చదివి సంతకం పెట్టమంటారు. పెళ్ళికూతురు పేరు, తాత పేరు, తారీకు, టైము, ఫంక్షన్ హాలు. ఇంటివాళ్ళు గట్టిగా చదువుతారు, ఇంకొకరు వింటారు. తప్పు చెవికి దొరుకుతుంది. ఆ బజారులో ఉర్దూ కాతిబులు కలం పట్టి ఒక్కో అక్షరం దిద్దేవాళ్ళు, ఇప్పుడు చాలామటుకు కంప్యూటర్ వచ్చింది. కాతిబు పోయినా చదివి సంతకం పెట్టే అలవాటు మాత్రం పోలేదు. ఎందుకంటే ఐదు వందల పత్రికలు అచ్చయ్యాక పేరు తప్పని తెలిస్తే, ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ వస్తుంది. నీకు ఖర్చు లేదు కాబట్టి చదవకుండా పంపుతున్నావు. ఖర్చు లేదనుకోకు. పేరు ఖర్చవుతుంది.

నువ్వూ అదే చెయ్యి. రాసింది గట్టిగా ఒక్కసారి చదువు. ఫోన్లో నోటితో చెప్పి రాయిస్తావే, అది ఇంకా జాగ్రత్తగా చదువు. అది నువ్వన్నది కాకుండా తనకు వినబడింది రాస్తుంది. ఒక మాట మీద అనుమానం వస్తే, ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో కొట్టి చూడు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువూ, 1885 నాటి శబ్దరత్నాకరమూ ఇప్పుడు నీ అరచేతిలోనే ఉన్నాయి. మా కాలంలో ఒక మాట చూసుకోవాలంటే మూసీ దాటి సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయానికి వెళ్ళేవాళ్ళం. 1901లో పెట్టిన లైబ్రరీ అది. ఒక్క అక్షరం కోసం అంత దూరం నడిచినవాళ్ళున్నారు. నీకు కుర్చీలోంచి లేవాల్సిన పని కూడా లేదు.

ఇప్పుడు రెండో సంగతి. ఇది మొదటిదానికంటే ముఖ్యం కాబట్టి చెవి పెట్టి విను. నీ రాత సరిచేసుకున్నాక ఇంకొకరి తప్పు నీకు కనిపించడం మొదలవుతుంది. అప్పుడు నువ్వేం చేస్తావు? మొన్న నువ్వు చేసింది చూశాను. ఎవరో పెద్దాయన ‘టంకసాళ’ అని రాస్తే, అందరి ముందూ ‘ముందు తెలుగు నేర్చుకోండి’ అన్నావు. నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆయన ఆ తరవాత ఒక్క మాట రాయలేదు. ఆయన దగ్గర ఏయే నాణేలున్నాయో, ఆయనకేం తెలుసో ఇక నీకు తెలియదు. నువ్వు గెలిచింది ఒక అక్షరం. పోగొట్టుకున్నది ఒక మనిషి.

నలుగురిలో ఒకరి భాషను గేలి చేస్తే ఎంత దూరం పోతుందో ఈ ఊరికి తెలుసు. 1921 నవంబర్‌లో మూసీకి అవతల వివేకవర్ధిని ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉర్దూలో మాట్లాడినవాళ్ళను, మరాఠీలో మాట్లాడినవాళ్ళను అందరూ విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మొదలుపెట్టగానే చప్పట్లు కొట్టి, గోల చేసి, గేలి చేసి మాట సాగనివ్వలేదు. అప్పటికే 1918 నుంచి నిజాం సర్కారు నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీ, కన్నడాలతో పాటు తెలుగులోనూ విలువ అచ్చయ్యేది. నోటు మీద చోటున్న భాషకు సభలో చోటు లేకపోయింది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు టేకుమాల రంగారావు గారింట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. ఆ తరవాత ఊరూరా లేచిన లైబ్రరీలకూ, బడులకూ, ఆంధ్ర మహాసభకూ ఆ అవమానం ఊతమైంది. ఆ మనుషులు గట్టివాళ్ళు, లేచి నిలబడ్డారు. నువ్వు గేలి చేసిన పెద్దాయన ఒక్కడు. ఆయనకు సంఘం లేదు. మౌనంగా వెళ్ళిపోయాడు.

తప్పు సరిచేసే మర్యాద ఎట్లా ఉంటుందో కూడా అక్కడే నేర్చుకోవచ్చు. ఆ సంఘం వాళ్ళే పాత శాసనాలు వెతకడానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి పెట్టారు. ఆదిరాజు వీరభద్రరావు గారి వంటి వాళ్ళు ఊళ్ళు తిరిగి శాసనాలు సేకరించి, 1935లో ‘తెలంగాణా శాసనాలు’ అన్న పుస్తకం అచ్చువేశారు. శాసనం అచ్చువేసే పద్ధతి నీకు తెలుసా? రాయి చెక్కినవాడు ఒక అక్షరం తప్పు చెక్కితే, పండితుడు దాన్ని రాయి మీద ఉన్నట్టే ఉంచుతాడు. కింద చిన్నగా, ఇది ఇట్లా చదవాలి అని సరైన రూపం ఇస్తాడు. వందల ఏళ్ళ కింద చనిపోయిన శిల్పిని కూడా ఒక్క మాట అనడు. నువ్వు గేలి చేసిన మనిషి బతికున్నవాడు, రేపు నీకు ఎదురుపడేవాడు. ఆయనకు విడిగా రాయి. ‘పెద్దయ్యా, టంకశాల అని ఉండాలనుకుంటాను, మీరూ ఒకసారి చూడండి’ అను. ఆయనే సరిచేసుకుంటాడు. లేకపోతే నీ మాటల్లో నువ్వు సరైన రూపం రాస్తూ పో, చదివినవాళ్ళు పట్టుకుంటారు.

ఇంకా ఒకటి. మన పక్కన ఉర్దూ ఇంటి పిల్లలున్నారు. మనతో కలిసి నాణేలు చూస్తారు, మన కోసం కష్టపడి తెలుగులో రాస్తారు. వాళ్ళు ణ బదులు న రాస్తే నవ్వకు. నీ చేతిలో ఉన్న రూపాయి మీద ‘నిజాముల్ ముల్క్’, ‘ఆసఫ్ జాహ్’ అని ఫారసీ లిపిలో ఉన్నది చదివి చెప్పింది వాళ్ళే గదా. నీకు ఆ లిపిలో నుక్తా ఎక్కడ పెట్టాలో తెలుసా? తెలియదు. వాళ్ళు నవ్వలేదు, చెప్పారు. వాళ్ళ పేర్లు రాసేటప్పుడు నువ్వూ అంతే జాగ్రత్తగా రాయి. ఖాజాను కాజా అని, ఘౌస్‌ను గౌస్ అని రాసి పంపకు. నీ పేరుకు వత్తు తీసేస్తే నీకెట్లా ఉంటుంది?

ఇంట్లో నీ చెల్లెలు ఆరో తరగతి చదువుతోంది. నీ ఫోన్ తీసి నువ్వు రాసినవన్నీ చదువుతుంది. అన్న రాసిందంటే దానికి పుస్తకం కంటే ఎక్కువ. రేపు దాని పరీక్ష పేపర్లో ‘నానేలు’ అని ఉంటే టీచరమ్మ ఎర్రసిరాతో గీత గీస్తుంది, అప్పుడు ఆ పిల్ల ఎవరిని అడగాలి? నిన్నే. అందుకే చెబుతున్నాను, నీకొక్కడికే అనుకోకు.

నీది మంచి మనసు, మంచి కన్ను. లేనిది ఒక్క నిమిషం ఓపిక. ఈ వారం నువ్వు పెట్టబోయేది ఏదైనా సరే, ముందు మీ అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు పక్కన నిలబడి గట్టిగా చదివి వినిపించు. ఆమెకు నాణేల గొడవ తెలియకపోయినా తెలుగు తెలుసు. ఆమె ఏదీ, మళ్ళీ చదువు అన్న చోట ఆగి సరిచెయ్యి, తరవాతే పంపు. ఆ టంకశాల పెద్దాయనకు కూడా ఒక మాట రాయి నాయనా, ఈ రోజే రాయి.